రికార్డో కథలో లేని మనుషులు

2025 చివర్లో మా జిల్లా కేంద్రంలో రచయితల సమావేశం ఒకటి జరిగింది. ఒక పూట 'ప్రపంచ వాణిజ్యం - సాహిత్యం' అనే అంశం మీద చర్చ. ఆర్థికశాస్త్రం చెప్పే అధ్యాపక మిత్రుడొకరు చాలా శ్రమపడి, అంతర్జాతీయ రాజకీయార్థిక శాస్త్రంలో ప్రధానంగా మూడు దృక్పథాలున్నాయనీ, అవి ఉదారవాదం, జాతీయవాదం, మార్క్సిజం అనీ వివరించారు. ప్రసంగం అయిపోయాక వెనక వరసలో కూర్చున్న ఎమ్మే విద్యార్థిని లేచి, "మాస్టారూ, ఈ మూడిట్లో ఏది నిజం?" అని అడిగింది. మిత్రుడు నవ్వి, "అమ్మా, అవి మూడు కళ్లజోళ్లు. ఏది పెట్టుకుంటే ప్రపంచం ఆ రంగులో కనిపిస్తుంది" అన్నారు. సభ చప్పట్లు కొట్టింది. ఆ అమ్మాయి మాత్రం తృప్తి పడకుండానే కూర్చుంది.

ఆమె అసంతృప్తి న్యాయమైనదని నాకు అనిపించింది. ఈ వ్యాసం ఆ ప్రశ్నకి జవాబు వెతికే ప్రయత్నం.

ముందుగా ఒక మాట. నేను ఆర్థికశాస్త్రం చదివినవాణ్ణి కాను. తెలుగు ఎమ్మే చదివి, హైస్కూల్లో ఛందస్సూ సంధులూ చెప్పుకుంటున్నవాణ్ణి. సిద్ధాంతాల లెక్కల్ని సరిచూసే యోగ్యత నాకు లేదు. కాని ప్రతి సిద్ధాంతమూ ఏదో ఒక కథ చెప్తుంది. కథని పరీక్షించడం మన వృత్తి. ఈ కథ ఎక్కడ మొదలైంది? ఎవరి కంఠంతో నడుస్తోంది? ఇందులో పాత్రలెవరు? ఎవరు తెరవెనకే ఉండిపోయారు? ఒక నవలని అడిగే ఈ ప్రశ్నలే సిద్ధాంతాన్ని కూడా అడిగితే ఏం తేలుతుందో చూద్దాం.

1

ఉదారవాద సిద్ధాంతానికి ఆయువుపట్టు లాంటి కథ డేవిడ్ రికార్డోది. 1817లో వచ్చిన ఆయన గ్రంథంలో విదేశీ వాణిజ్యం మీద రాసిన అధ్యాయంలో ఉంది. కథ చాలా చిన్నది. పాత్రలు రెండు: ఇంగ్లండు, పోర్చుగల్. వస్తువులు రెండు: బట్ట, ద్రాక్షసారా. ఒక సంవత్సరంలో ఇంత బట్ట తయారు చెయ్యడానికి ఇంగ్లండులో 100 మంది కావాలి. ఇంత సారాకి 120 మంది కావాలి. పోర్చుగల్‌లో అదే బట్టకి 90 మంది, సారాకి 80 మంది చాలు. అంటే రెండు వస్తువుల్లోనూ పోర్చుగలే మెరుగు. మరి పోర్చుగల్‌కి ఇంగ్లండుతో వ్యాపారం ఎందుకు?

రికార్డో గొప్పతనమంతా ఇక్కడుంది. పోర్చుగల్ తన మనుషుల్ని సారా మీదే పెట్టి, ఆ సారా ఇచ్చి బట్ట తెచ్చుకుంటే 90 మంది శ్రమతో తయారయ్యే బట్ట 80 మంది శ్రమకే దొరుకుతుంది. ఇంగ్లండుకేమో 120 మంది శ్రమతో వచ్చే సారా 100 మంది శ్రమకే వస్తుంది. ఇద్దరికీ లాభమే. ఎవరూ ఎవర్నీ దోచుకోలేదు. బలహీనుడికి కూడా ప్రపంచ సంతలో ఒక చోటు ఉంటుందని చెప్పే ఈ కథ వినడానికి ఎంత హాయిగా ఉంటుందో! రెండు వందల ఏళ్లుగా పాఠ్యపుస్తకాల్లో ఇది చెక్కుచెదరకుండా నిలవడానికి దీని క్లుప్తత ఒక కారణమైతే, లెక్కలో తప్పు లేకపోవడం మరో కారణం.

లెక్కలో తప్పు లేదు. కథలోనే ఏదో లోపించింది. 'అనగనగా' అని కథ మొదలయ్యేసరికే ఇంగ్లండు చేతిలో బట్ట ఉంది, పోర్చుగల్ చేతిలో సారా ఉంది. ఆ పంపకం ఎవరు చేశారు? చరిత్రని అడిగితే 1703లో ఆ రెండు దేశాల మధ్య జరిగిన మెథుయెన్ ఒప్పందం కనిపిస్తుంది. ఇంగ్లీషు ఉన్ని బట్టల్ని పోర్చుగల్ రానివ్వాలి. బదులుగా పోర్చుగల్ సారా మీద ఇంగ్లండు ఫ్రెంచి సారా మీద కన్నా మూడో వంతు తక్కువ సుంకం వెయ్యాలి. అప్పటికి కొన్ని దశాబ్దాల ముందు పోర్చుగల్ పాలకులు సొంత బట్టల పరిశ్రమని నిలబెట్టుకోవడానికి ప్రయత్నించి ఉన్నారు. ఈ ఒప్పందం తర్వాత ఆ ప్రయత్నానికి ఊపిరి ఆడలేదు. సారా అమ్మి బట్ట కొంటే లెక్క సరిపోలేదు; బాకీ మిగిలింది. ఆ బాకీని పోర్చుగల్ బంగారంతో తీర్చింది. ఆ బంగారం బ్రెజిల్ గనుల్లో ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసల చేత తవ్వించినది. రికార్డో చెప్పిన కథలో బట్ట ఉంది, సారా ఉంది. బంగారం లేదు, బానిస లేడు. ఇద్దరికీ లాభమైన ఆ వ్యాపారంలో మూడోవాడి పేరే ఎత్తలేదు.

ఇంతమాత్రం చేత రికార్డోని దుర్మార్గుడనడం తేలిక విమర్శ అవుతుంది. పోర్చుగల్ నుంచి వలస వచ్చిన యూదు కుటుంబాల సంతతివాడు, లండన్ షేర్ బజారులో డబ్బు గడించినవాడు అయిన రికార్డో తన కాలంలో పోరాడింది భూస్వాముల మీద. బయటి ధాన్యం రాకుండా 1815లో చేసిన చట్టం వల్ల రొట్టె ధర పెరిగి, ఆ లాభమంతా భూస్వామి కౌలు రూపంలో మింగుతున్నాడని ఆయన వాదన. ఆ సందర్భంలో స్వేచ్ఛా వాణిజ్యం ముందుకు నడిపే శక్తే. పైగా ఆయన ఒక షరతు కూడా రాసుకున్నాడు: పెట్టుబడిదారుడు తన దేశం విడిచి పరదేశంలో డబ్బు పెట్టడానికి వెనకాడతాడు కాబట్టే ఈ సూత్రం పనిచేస్తుందని. ఇవాళ పెట్టుబడికి ఆ వెనకాడడమన్నదే లేదు. సూత్రం మిగిలింది, షరతు పాఠ్యపుస్తకాల్లోంచి జారిపోయింది. ఆడం స్మిత్ కూడా 1776లోనే మెథుయెన్ ఒప్పందాన్ని తప్పుపట్టాడని ఇక్కడ గుర్తుంచుకోవాలి. గురువులు గమనించినదాన్ని శిష్యులు మరిచిపోయారు.

2

రెండో కథ జాతీయవాదులది. 1791లో అమెరికా ఆర్థిక మంత్రిగా అలెగ్జాండర్ హామిల్టన్ ఇచ్చిన నివేదిక, 1841లో జర్మన్ రచయిత ఫ్రీడ్రిఖ్ లిస్ట్ రాసిన గ్రంథం దీనికి మూలాలు. లిస్ట్ కథలో ఒక నిచ్చెన ఉంది. సుంకాలు వేసుకుని, పడవల చట్టాలు చేసుకుని ఇంగ్లండు ఆ నిచ్చెన మీదుగా పైకెక్కింది. ఎక్కాక, కిందివాళ్లు ఎక్కకుండా నిచ్చెన తన్నేసి, స్వేచ్ఛా వాణిజ్యం గురించి ఉపన్యాసం మొదలుపెట్టింది. 2002లో హా-జూన్ చాంగ్ తన పుస్తకానికి ఈ నిచ్చెన పేరే పెట్టుకున్నాడు.

ఈ కథ మనకి దగ్గరిది. ఎందుకంటే ఆ నిచ్చెన మెట్లలో ఒకటి మన తీరంలోనే ఉంది. కోరమాండల్ తీరం నుంచీ, మన మచిలీపట్నం రేవు నుంచీ వెళ్లిన అద్దకం బట్టలకి యూరపులో ఎంత గిరాకీ ఉండేదో చరిత్ర విద్యార్థులకి తెలుసు. ఆ బట్టలకి తట్టుకోలేక ఇంగ్లండు 1700లో అద్దకం నూలు బట్టల దిగుమతిని నిషేధించింది. 1721లో అలాంటి బట్టలు కట్టుకోవడాన్నే నిషేధించింది. ఇంగ్లండు నూలు పరిశ్రమ ఆ గోడ చాటునే పెరిగింది. రికార్డో సూత్రాన్ని నిజాయితీగా పాటించి ఉంటే ఇంగ్లండు ప్రజలు మచిలీపట్నం అద్దకాలు కట్టుకుని ఉండాలి. కనక జాతీయవాది అడిగే ప్రశ్న, 'కథ ఎక్కడ మొదలుపెట్టావు?' అన్నది, బలమైన ప్రశ్నే. 1892లో రానడే మన దేశపు అర్థశాస్త్రం గురించి మాట్లాడినప్పుడూ, 1901లో దాదాభాయి నౌరోజీ మన సంపద తరలిపోతున్న తీరుని లెక్కకట్టి పుస్తకంగా వేసినప్పుడూ వాళ్ల వెనక ఉన్నది ఈ ప్రశ్నే.

కాని ఇదే లిస్ట్ పుస్తకంలో మన దేశభక్తులు సాధారణంగా చదవని భాగం ఒకటుంది. పరిశ్రమలు పెట్టుకోదగ్గవి సమశీతోష్ణ దేశాలేననీ, ఉష్ణమండల దేశాలు ముడిసరుకు పండించి ఇవ్వడమే ప్రకృతి విధించిన ధర్మమనీ ఆయన నమ్మాడు. అంటే నిచ్చెన తన్నేశారని ఏడ్చిన పెద్దమనిషి, మనల్ని నిచ్చెన దగ్గరికే రానివ్వలేదు! ఇది పొరపాటున దొర్లిన మాట కాదు. ఆయన కథకి కథానాయకుడు 'జాతి'. తన జాతి పైకెక్కడమే ఇతివృత్తం. అందరి నిచ్చెన గురించి ఆలోచించాల్సిన అవసరం ఆ కథానాయకుడికి లేదు.

ఇంకో లోపం లోపలిది. జాతి అంటే ఒక్క మనిషి అయినట్టు ఈ కథ నడుస్తుంది. సుంకం గోడ కట్టినప్పుడు గోడ లోపల మిల్లు యజమానీ ఉంటాడు, మిల్లు కూలీ ఉంటాడు. గోడ ఇద్దరినీ ఒకేలా కాపాడుతుందా? జాతీయవాద కథ ఈ ప్రశ్న దగ్గర గొంతు సవరించుకుని, జెండా పాట అందుకుంటుంది.

3

మూడో కథ మనవాళ్లది. కాబట్టి మరింత కఠినంగా చదవాలి.

1916లో లెనిన్ సామ్రాజ్యవాదం మీద రాసిన గ్రంథం, పెట్టుబడి ఎగుమతిని కథ మధ్యకి తెచ్చింది. 1949లో రౌల్ ప్రెబిష్, 1950లో హాన్స్ సింగర్ మార్క్సిస్టులు కాకపోయినా, ముడిసరుకు అమ్మే దేశాలకి తయారైన సరుకుతో పోలిస్తే ధర కాలక్రమాన పడిపోతూ వస్తోందని వాదించారు. ఈ దారిలోనే ఆంద్రె గుండర్ ఫ్రాంక్ 1967లో లాటిన్ అమెరికా గురించి రాస్తూ వెనకబాటుతనం ఒక పాత దశ కాదనీ, అది కూడా పెట్టుబడిదారీ వ్యవస్థ తయారుచేసిన సరుకేననీ అన్నాడు. 1974లో వాలర్‌స్టైన్ ప్రపంచమంతా కేంద్రం, అంచు, నడిమి అంచులుగా ఉన్న ఒకే వ్యవస్థ అన్నాడు. 1969లో అర్ఘిరి ఇమ్మాన్యుయెల్, రికార్డో లెక్కనే తీసుకుని, కూలి రేట్లలో తేడాని అందులో పెడితే ఆ 'ఇద్దరికీ లాభం' అసమ మారకంగా మారిపోతుందని చూపాడు.

ఈ కథ వచ్చాకనే బ్రెజిల్ బానిస కథలోకి వచ్చాడు. ఆ మేలు చిన్నది కాదు. మా తరం రచయితలు 1990ల తర్వాత ప్రపంచీకరణ మీద రాసిన కథలకీ కవితలకీ వెన్నెముక ఇదే.

కాని 1977లో రాబర్ట్ బ్రెన్నర్ అనే చరిత్రకారుడు, తానూ మార్క్సిస్టే అయివుండి, ఫ్రాంక్‌నీ వాలర్‌స్టైన్‌నీ గట్టిగా నిలదీశాడు. మీరు మార్కెట్టునీ మారకాన్నీ చూస్తున్నారు. ఉత్పత్తి జరిగే చోట ఎవరు ఎవరి శ్రమని ఏ పద్ధతిలో కాజేస్తున్నారో చూడడం లేదు. ఆ రకంగా మీరు స్మిత్‌ని తలకిందులు చేసి నిలబెట్టారే గాని ఆయన ఇల్లు దాటి రాలేదు అన్నది ఆ విమర్శ సారాంశం. నన్నడిగితే ఈ విమర్శ ఆర్థికవేత్తల కన్నా మన కథకులకి ఎక్కువ అవసరం. కేంద్రం - అంచు అనే మాటల్లో వర్గం భౌగోళికమైపోతుంది. దోపిడీదారు ఎప్పుడూ సముద్రానికి అవతలే ఉంటాడు. ఫలితంగా మన కథల్లో ఏం జరిగింది? దుష్టపాత్ర న్యూయార్కులో మేడ ఎక్కి కూర్చుంది. ఊళ్లో భూమి గుప్పిట్లో పెట్టుకున్న ఆసామీ, వడ్డీ వ్యాపారి, దళారీ, చివరికి బాధితుల పక్కన నిలబడి ఫోటో దిగారు. విత్తనం కంపెనీని తిట్టిన కథలో కౌలు రేటు ప్రస్తావన ఉండదు. ఇలాంటి కథల్ని 'వస్తువు మంచిది' అని మెచ్చుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ తప్పు ఒప్పుకోవడానికి ఇది సరైన చోటే అనుకుంటాను.

ఇంకో విషయం కూడా దాటవేయకూడదు. అంచు దేశాలు కేంద్రంతో తెగతెంపులు చేసుకుంటే తప్ప ఎదగలేవన్న ఫ్రాంక్ మాటకి దక్షిణ కొరియా అడ్డం వచ్చింది. ఆ దేశం ఎగుమతుల మీదే పరిశ్రమల్ని పెంచుకుంది. దీన్ని చూపి ఉదారవాది 'చూశారా, మార్కెట్టు మహిమ' అంటాడు. అతనూ సగమే చదివాడు: ఆ ఎదుగుదల వెనక 1950 ప్రాంతపు భూసంస్కరణ ఉంది, బ్యాంకుల్ని గుప్పిట్లో పెట్టుకున్న రాజ్యం ఉంది, సమ్మె చేస్తే జైల్లో పెట్టిన సైనిక పాలన ఉంది. అయినా అతను సగమే చదివాడు గనక మనం అసలే చదవక్కర్లేదనుకోవడం మార్క్సిజం కాదు, సోమరితనం.

4

ఇప్పుడు కళ్లజోళ్ల దగ్గరికి వద్దాం. ఈ మూడు అరల అలమార ఎక్కడిది? 1975లోనూ, మరింత వివరంగా 1987లోనూ అమెరికన్ పండితుడు రాబర్ట్ గిల్పిన్ వీటిని మూడు భావజాలాలుగా పక్కపక్కన పెట్టి చూపాడు. ఆయన మొగ్గు రాజ్యాల బలాబలాల వైపే ఐనా, విద్యార్థికి ఆ అలమార ఎంతో ఉపకరించింది. పరీక్షలో మూడు శీర్షికలు పెట్టి, ఒక్కోదాని కింద నాలుగు గుణాలూ నాలుగు దోషాలూ రాస్తే మార్కులొస్తాయి. మన సాహిత్య విమర్శలో వాదాల మీద వస్తున్న వ్యాసాలు కూడా ఈ పద్ధతిలోనే సాగుతున్నాయి.

కాని కళ్లజోడు అనేది అంగట్లో ఎంచుకునేది. బ్రెజిల్ గనిలో బానిసకి అంగడి ఎక్కడిది? అన్ని దృక్పథాలనీ సమాన దూరంలో ఉంచి చూడగలిగే చోటు కూడా ఒక చోటే. అక్కడ కూర్చోగలిగిన మనిషికీ ఒక జీతం, ఒక కుర్చీ ఉంటాయి. 1981లో రాబర్ట్ కాక్స్ అన్నది ఇదే: ప్రతి సిద్ధాంతానికీ ఒక 'ఎవరి కోసం' ఉంటుంది. ఉన్న వ్యవస్థని ఉన్నట్టే ఉంచి మరమ్మతులు చేసే సిద్ధాంతం వేరు, ఈ వ్యవస్థ ఎలా వచ్చింది, ఎలా పోతుంది అని అడిగే సిద్ధాంతం వేరు. సుసాన్ స్ట్రేంజ్ అనే ఇంగ్లీషు ఆవిడ మార్క్సిస్టు కాదు. ఐనా 1988 నాటి గ్రంథంలో ఆమె అలమారని పక్కకి నెట్టి, బలం ఎక్కడుందో చూడమంది. రక్షణ, ఉత్పత్తి, రుణం, జ్ఞానం అనే నాలుగు చోట్ల చూసి, చివరికి ఎవరికి లాభమో తేల్చమంది. పత్రికా రచన చేసి వచ్చిన మనిషి కాబట్టి కాబోలు, ఆమెకి సూటిగా అడగడం తెలుసు.

'ఎవరికి లాభం' అన్న ప్రశ్నతో పాటు 'ఎవరి పని' అన్న ప్రశ్న కూడా అడగాలని నాకు తెలిసింది మాత్రం మరో పుస్తకం వల్ల.

5

మా అమ్మమ్మగారి ఊరు నరసాపురానికి దగ్గర. వేసవి సెలవులకి వెళ్తే అరుగు మీద మా పెద్దమ్మ లేసు అల్లుతూ కనిపించేది. వొళ్లో దారం కండె, వేళ్ల మధ్య కొక్కెం సూది. మాతో మాట్లాడుతున్నా, పొయ్యి మీద అన్నం చూస్తున్నా, సూది ఆగేది కాదు. 1991 జనాభా లెక్కలప్పుడు నాకు పదేళ్లు. లెక్కలు రాసుకునే ఆయన వచ్చి, "మీరేం పని చేస్తారమ్మా?" అని అడిగాడు. పెద్దమ్మ సూది ఆపకుండానే, "ఏమీ లేదు బాబూ, ఇంట్లోనే ఉంటాను" అంది. ఆయన అలాగే రాసుకున్నాడు. అక్కడున్న మా పెదనాన్నకి గాని, నాకు గాని అందులో వింత ఏమీ కనిపించలేదు.

ఎమ్మే అయిపోయిన చాలా ఏళ్లకి, ఒక స్నేహితుడి ఇంట్లో, జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో వేసిన పుస్తకం చూశాను. నరసాపురం లేసు స్త్రీల మీద, అంతర్జాతీయ కార్మిక సంస్థ కోసం చేసిన పరిశోధన అది. మా పెద్దమ్మ అరుగు మీద కూర్చుని చెప్పిన జవాబే ఆ పుస్తకానికి ఇతివృత్తం.

ఇంతవరకూ చూసిన మూడు కథల్నీ ఆ అరుగు దగ్గరికి తీసుకువద్దాం. ఉదారవాది ఏమంటాడు? ఇంట్లో ఖాళీగా ఉండే సమయం సరుకైంది, తక్కువ ఖర్చులో తయారయ్యే లేసు యూరపుకి వెళ్లింది, ఇద్దరికీ లాభం అంటాడు. జాతీయవాది ఏమంటాడు? హస్తకళ వల్ల విదేశీ మారకద్రవ్యం వచ్చింది, దేశానికి గర్వకారణం అంటాడు. ఫ్రాంక్ శిష్యుడు ఏమంటాడు? మిగులు నరసాపురం నుంచి యూరపుకి తరలిపోయింది అంటాడు. ముగ్గురి మాటల్లోనూ కొంత నిజముంది. కాని పెద్దమ్మ 'ఏమీ లేదు' అని ఎందుకంది? ఆ ప్రశ్న ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

మీస్ అడిగింది. క్రైస్తవ మిషనరీల ద్వారా 19వ శతాబ్దంలో వచ్చిన ఈ అల్లిక, ప్రపంచ మార్కెట్టుకి పనిచేసే పరిశ్రమ అయింది. కాని ఆ పరిశ్రమకి ఫ్యాక్టరీ లేదు, హాజరు పట్టీ లేదు, పనిగంటలు లేవు. ఒకరు పువ్వు అల్లితే మరొకరు అతుకు పని చేస్తారు, మధ్యలో ఏజెంటు, పైన ఎగుమతి చేసే షావుకారు. ఈ యంత్రాంగమంతా నడవాలంటే ఒక నమ్మకం కావాలి: అల్లేది కార్మికురాలు కాదు, తీరిక వేళ సరదాగా అల్లుకునే గృహిణి అన్న నమ్మకం. కార్మికురాలు కాదు గనక కూలి రేటు అడగదు. ఒంటరిగా ఇంట్లో ఉంటుంది గనక సంఘం పెట్టదు. వ్యాపారం పెద్దదయ్యే కొద్దీ అమ్మే పని మగవాళ్ల చేతికి వెళ్లింది. అల్లే పని ఆడవాళ్ల దగ్గరే మిగిలింది.

పుస్తకంలో నన్ను కలవరపెట్టిన భాగం కులం గురించినది. పేద కాపు స్త్రీలు, మేం గడప దాటి కూలికి వెళ్లే వాళ్లం కామని గౌరవంగా చెప్పుకుంటూ లేసు అల్లారు. గడప దాటి పొలం పనికి వెళ్లిన దళిత స్త్రీకి దొరికిన కూలి, గౌరవంగా ఇంట్లో కూర్చున్న ఈమె సంపాదన కన్నా ఎక్కువ! అంటే పరువు అనే మన ఊరి మాట ఎక్కడో యూరపు దుకాణంలో మేజా గుడ్డ ధరని తగ్గించింది. ఫ్యూడల్ భావాలు పెట్టుబడి రాకతో పోతాయని మనం పాఠం చెప్పుకుంటాం. ఇక్కడ పెట్టుబడి వాటిని పోగొట్టలేదు. వాటిమీద కూర్చుని లాభం తీసుకుంది. 'మా ఇంటి ఆడవాళ్లు కూలికి వెళ్లరు' అని మా అమ్మమ్మగారింట్లో కూడా గొప్పగా చెప్పుకునేవారు. ఆ గొప్ప ఖరీదు ఎంతో, ఎవరు చెల్లించారో నాకు ఆ పుస్తకం దాకా తెలీదు.

బ్రెన్నర్ అన్న ఉత్పత్తి స్థలం అంటే మనకి ఫ్యాక్టరీయో పొలమో గుర్తుకొస్తుంది. మీస్ దాన్ని అరుగు మీదికీ, పొయ్యి దగ్గరికీ తెచ్చింది. మిగులు ముందు అరుగు మీద నుంచే కదిలింది. మొదట ఇంట్లోనే ఆగింది, తర్వాత ఊళ్లోని షావుకారు దగ్గర ఆగింది, ఆ తర్వాతే ఓడ ఎక్కింది. ఈ మజిలీల్లో ఏ ఒక్కటి వదిలేసినా కథ అబద్ధమవుతుంది.

2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషించాల్సిందే. కాని ఆ గుర్తింపు ఊరి పేరుని కాపాడుతుంది. అల్లిన చేతికి ముట్టే రేటుని అది తనంతట తాను నిర్ణయించదు. ఈ తేడా గుర్తించలేని కథకుడు గుర్తింపు వార్త చదివి కథ రాస్తే అది ప్రభుత్వ ప్రకటన అవుతుంది.

మీస్ పుస్తకానికీ పరిమితి ఉంది. అది పరిశోధన గ్రంథం. మనుషులు అందులో మాట్లాడతారు గాని, జవాబులుగా మాట్లాడతారు. మా పెద్దమ్మ పూర్తయిన అల్లికని వెలుగుకి ఎత్తి పట్టుకుని ఒక్క క్షణం చూసుకునేది. ఆ చూపులో ఉన్నది దోపిడీ లెక్కకి అందదు. అలాగని దోపిడీ లేదనీ కాదు. ఆ రెండింటినీ ఒకే వాక్యంలో పట్టుకోవలసింది సాహిత్యం. నేను చదివినంతలో మన తెలుగు కథ ఆ పని చెయ్యలేదు. మన వాకిట్లో ఉన్న కార్మికురాలిని జర్మనీ నుంచి వచ్చిన మనిషి చూసి రాస్తే, దాన్ని ఇంగ్లీషులో చదివి తెలుసుకోవలసి వచ్చింది నాకు. ఇది మనందరికీ సిగ్గుపడాల్సిన విషయం. తెలుగు ఎమ్మే చదివిన నాకు ఇంకా ఎక్కువ.

6

మళ్లీ సమావేశం దగ్గరికి. ఆ రోజు సాయంత్రం ఒక యువ రచయిత కథ చదివాడు. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు గోదావరి జిల్లాల రొయ్యల చెరువుల్లో పుట్టిన భయం అందులో వస్తువు. మన రాష్ట్రపు రొయ్యకి అమెరికాయే పెద్ద మార్కెట్టు కాబట్టి, భయం నిజమైనది. చర్చ వెంటనే మూడు ముక్కలైంది. స్వేచ్ఛా వాణిజ్యాన్ని అమెరికాయే కాలరాసిందని ఒకరు, స్వదేశీయే మార్గమని ఒకరు, సామ్రాజ్యవాద కుట్ర అని ఒకరు. ముగ్గురూ అమెరికా గురించే మాట్లాడారు. కథలో రైతు ఉన్నాడు, ఎగుమతిదారు ఉన్నాడు. ఐతే ప్రాసెసింగ్ షెడ్డులో చల్లటి నీళ్లలో చేతులు పెట్టి రొయ్య తల తీసే అమ్మాయి లేదు. చెరువులు తవ్వాక ఉప్పెక్కిన పక్క పొలం లేదు. ఆ చెరువు కౌలుదారుడిదా, యజమానిదా అన్న ప్రశ్న లేదు. ధర పడినప్పుడు ఆ దెబ్బ ఎవరి మీద నుంచి ఎవరి మీదికి జారుతూ వెళ్లి చివరికి ఎవరి దగ్గర ఆగుతుందో చెప్తే, అది కథ అయ్యేది. ఆ తర్వాత ఆ సుంకాల సంగతి ఏమైనా, కథ నిలిచేది.

నేనీ మాటలు ఆ యువకుణ్ణి నిరుత్సాహపరచడానికి చెప్పడం లేదు. అతను ప్రపంచ వాణిజ్యాన్ని కథా వస్తువుగా ఎంచుకున్నాడు, అది సాహసమే. సిద్ధాంతం చదవొద్దని కూడా నేనడం లేదు. చదవకపోతే, 'జీవితాన్ని ఉన్నదున్నట్టు రాశాను' అనుకుంటూ పేపర్లో వచ్చిన సిద్ధాంతాన్నే రాస్తాం. చదవాలి, చదివాక దాన్ని మనుషుల మధ్యకి తీసుకొచ్చి పరీక్షించాలి. సిద్ధాంతం పాత్రని సృష్టించకూడదు. పాత్రే సిద్ధాంతాన్ని నిలదీయాలి.

ఇక ఆ విద్యార్థిని ప్రశ్న. 'ఏది నిజం?' అన్నదానికి 'అన్నీ' అనేది జవాబు కాదు. నేను మూడు కొలతలు చెప్తాను. ఒకటి, ఎదుటి సిద్ధాంతం వివరించినదాన్ని వివరించి, అది వదిలేసిన మనుషుల్ని కూడా ఏ సిద్ధాంతం చూపగలదో అది మెరుగైనది. రెండు, తాను ఎక్కడ పుట్టిందో, ఎవరి కోసం పుట్టిందో దాచుకోని సిద్ధాంతం మెరుగైనది. మూడు, వాస్తవం ఎదురుతిరిగితే దిద్దుకోగలిగినది మెరుగైనది. ఈ మూడు కొలతలతో చూస్తే నేను ఇప్పటికీ మార్క్సిజం పక్కనే నిలబడతాను. ఐతే మీస్ దిద్దిన మార్క్సిజం పక్కన, బ్రెన్నర్ నిలదీసిన మార్క్సిజం పక్కన. దిద్దుబాటుకి ఒప్పుకోని రోజున దాన్ని కూడా ఆ అలమారలో పెట్టి తాళం వెయ్యవచ్చు.

ఆ అమ్మాయికి ఆ రోజే ఇదంతా చెప్పలేకపోయాను. బయల్దేరేటప్పుడు బస్టాండులో కనిపిస్తే, ఏ ఊరని అడిగాను. పాలకొల్లు దగ్గర పల్లె అంది. "మీ ఇంట్లో ఎవరైనా లేసు అల్లుతారా?" అన్నాను. "మా నాయనమ్మ అల్లుతుంది మాస్టారూ, ఊరికే, కాలక్షేపానికి" అంది. అని, తన మాటకి తనే ఒక్క క్షణం ఆగింది.

ఆమె ఆగిన చోటు నుంచే మన రచయితలు మొదలుపెట్టాలని నా కోరిక.